ఇది గాలిమాట కాదు!

దసరాకి కారు కడిగి పసుపు రాస్తాం. కుంకుమ పెడతాం. బంతిపూల దండ వేస్తాం. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఆ నిమ్మకాయల్ని తొక్కే టైర్లలో గాలి ఎంతుందో, అవి ఏ ఏడాది తయారయ్యాయో అడిగితే మాత్రం... ఇంటిల్లిపాదీ మొహమొహాలు చూసుకోవాల్సిందే!

ఇల్లందులో ఎండాకాలం పొద్దున్నే ఏ పంక్చర్ షాపు ముందు నిలబడినా ఇలాంటి మాటలే వినిపిస్తాయి.

'అన్నా, జర గాలి చూడు.'

'ఎంత కొట్టాలె సార్?'

'అందరికీ ఎంత కొడుతున్నవో అంతే కొట్టు. కాదు కాదు... ఎండలు గట్టిగున్నయ్ కదా, రెండు పాయింట్లు తక్కువనే ఉంచు. భద్రాచలం పోతున్నం.'

కారులో వెనక సీట్లో నలుగురు పెద్దవాళ్లు. వాళ్ల ఒళ్లో ఇద్దరు పిల్లలు. డిక్కీ నిండా సామాను. టేకులపల్లి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా రాములవారి సన్నిధికి సుమారు 75 కిలోమీటర్లు. దర్శనం చేసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో తిరుగు ప్రయాణం. ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుతుందని భయం కాబట్టి ముందే రెండు పాయింట్లు తగ్గించి పెట్టారన్నమాట. వినడానికి సబబుగానే ఉంది. కానీ జరిగేది సరిగ్గా దానికి తలకిందులు!

డంపరు చెప్పే లెక్క

నిజానికి టైరు గురించి ఇల్లందుకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. ఇది బొగ్గు పుట్టిన ఊరు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఇక్కడ బొగ్గు జాడ కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. అంతకు ఒక్క ఏడాది ముందే, 1888లో, ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు లేకుండా పోవాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. ఇల్లందు బొగ్గూ, గాలి టైరూ దాదాపు ఒక ఈడువే!

(అన్నట్టు, టైరు నలుపు చూసి ఇందులోనూ మన బొగ్గే ఉందేమో అనుకోవచ్చు. రబ్బరు పాలు తెల్లగానే ఉంటాయి. నలుపు వచ్చేది కార్బన్ బ్లాక్ అనే మసి వల్ల. దాన్ని ఎక్కువగా పెట్రోలియం నూనెల నుంచీ, కొంత బొగ్గు తారు నుంచీ తీస్తారు. రంగు కోసం కాదు, టైరు తొందరగా అరిగిపోకుండా ఉండటం కోసం.)

తరువాతి కాలంలో జేకే-5, కోయగూడెం ఓపెన్‌కాస్టులు వచ్చాయి. వాటితో డంపర్లు వచ్చాయి. మనిషి పక్కన నిలబడితే తల కూడా కనిపించనంత పెద్ద టైర్లు. గనిలో ఆపరేటరు బండి ఎక్కేముందు చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు, బ్రేకులు, లైట్లు చూసుకోవాలి. ఇది ప్రతి షిఫ్టులోనూ చేయాల్సిన పని. రాయి గుచ్చుకుందా, పక్కన కోత పడిందా, గాలి తగ్గిందా... చూశాకే స్టీరింగు.

గని టైర్లకు ఇంకో లెక్క కూడా ఉంది. టైరు మోసే సగటు బరువును టన్నుల్లో తీసుకుని, గంటకు అది వెళ్లే సగటు కిలోమీటర్లతో గుణిస్తారు. ఆ వచ్చిన అంకె టైరు కంపెనీ ఇచ్చిన హద్దు దాటకూడదు. దాటితే టైరు లోపల పుట్టే వేడి బయటికి పోయే వేడిని మించిపోతుంది. రబ్బరు మెత్తబడుతుంది. పొరలు విడిపోతాయి. అంటే గని ఇంజినీర్లు టైరును లెక్కగట్టేది మేకులతో కాదు, వేడితో.

షిఫ్టు దిగి ఇంటికొచ్చాక అదే మనిషి సొంత కారెక్కి పిల్లల్ని తీసుకుని ఖమ్మం బయల్దేరతాడు. అప్పుడు చుట్టూ తిరిగి చూసేది మాత్రం... బంపరుకు గీత పడిందేమోనని!

ఎండ కాదు, వంపు

టైరు నేలను తాకే చోటు అరచేయి కన్నా కాస్త పెద్దదంతే. నాలుగు చక్రాలకూ కలిపి నాలుగు అరచేతులు. చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ ఆ భాగం బరువుకు అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది కదా, అదే పని టైరు నిమిషానికి కొన్ని వందల సార్లు చేస్తుంటుంది.

గాలి సరిపోయినంత ఉంటే ఆ వంపు తక్కువ. గాలి తగ్గితే పక్కభాగం, అదే సైడ్‌వాల్, ఎక్కువ వంగుతుంది. ఎక్కువ వంపు, ఎక్కువ వేడి. దానికి మనుషుల బరువు, సామాను బరువు తోడు. కింద కాలిపోతున్న తారురోడ్డు తోడు. స్పీడోమీటరు వంద దాటితే ఇక చెప్పేదేముంది? లోపలి దారాలకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలి టైరు ఒక్కసారిగా చీలిపోతుంది. బయటివాళ్లకు వినిపించేది 'ఢాం' అనే చప్పుడు. అందరూ అనేది 'గాలెక్కువై పేలింది' అని.

వేడికి గాలి పీడనం పెరగదా అంటే, పెరుగుతుంది. ఉష్ణోగ్రత సుమారు అయిదారు డిగ్రీలు పెరిగితే ఒక పాయింటు. పొద్దున 32 పాయింట్లున్న టైరు గంట సేపు నడిచాక 36 చూపించినా కంగారు పడక్కర్లేదు. అంత పెరుగుదలను కంపెనీ ముందే లెక్కలోకి తీసుకుని పెడుతుంది. పాల్వంచ దగ్గర ఆగి, వేడెక్కిన టైర్లోంచి 'ఎక్కువైన' గాలి తీయించేయడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. చల్లారాక అది 28కి దిగిపోతుంది. తిరుగు ప్రయాణమంతా తక్కువ గాలితోనే!

మరి ఎంత ఉండాలి? 'అందరికీ కొట్టేంత' కాదు. ప్రతి కారుకూ వేర్వేరుగా ఉంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే ద్వారబంధం మీదో, పెట్రోలు మూత లోపలివైపో చిన్న స్టిక్కరు అంటించి ఉంటుంది. అది లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడాలి. చాలా కార్లకు రెండు లెక్కలు ఇస్తారు. ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒకటి, నిండా ఎక్కితే ఇంకొకటి. నిండా ఎక్కినప్పుడు, ముఖ్యంగా వెనక టైర్లకు, గాలి పెంచాలనే ఉంటుంది. భద్రాచలం బయల్దేరిన ఆ కారుకు కావలసింది రెండు పాయింట్లు తక్కువ కాదు, ఎక్కువ! టైరు మీద అచ్చువేసిన పెద్ద అంకె చూసి అంతా కొట్టించేవాళ్లూ ఉన్నారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. మన కారుకు సరిపోయే పీడనం కాదు.

పంక్చర్ లేకపోయినా టైర్లోంచి నెలకు ఒకటి రెండు పాయింట్లు గాలి దానంతటదే తగ్గుతుంది. కాబట్టి కనీసం నెలకోసారి, దూరప్రయాణం ముందు తప్పనిసరిగా చూడాలి. అదీ టైరు చల్లగా ఉన్నప్పుడే. అంటే బండి మూడు గంటలపాటు కదలకుండా ఉన్నాక, లేదా ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్లు దాటక ముందు. జేబులో పట్టే మీటరు ఒకటి కొనుక్కుంటే ఇంటి ముందరే పని అయిపోతుంది. నైట్రోజన్ కొట్టిస్తే ఇవేవీ అక్కర్లేదంటారు కొందరు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది! అది కాస్త నెమ్మదిగా తగ్గొచ్చు గానీ, చూసుకోవాల్సిన పని మాత్రం తప్పదు.

నాలుగు పాయింట్ల తేడా

'రెండు మూడు పాయింట్లకే కొంపలు మునుగుతాయా' అనేవాళ్లకు అమెరికా కథ ఒకటి చెప్పాలి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. నడుస్తుండగానే టైరు పైపొర ఊడిపోయి, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ లాంటి ఎత్తయిన బండ్లు పల్టీలు కొట్టేవి. ఎండలు ఎక్కువగా ఉండే టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా వంటి రాష్ట్రాల్లోనే ఇవి ఎక్కువ. ఆ టైర్లతో ముడిపడిన ప్రమాదాల్లో 271 మంది చనిపోయినట్టు అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. తప్పు టైరుదని కారు కంపెనీ, కారుదని టైరు కంపెనీ కొట్టుకున్నాయి. ఆ గొడవలో బయటపడిన ఒక సంగతి... ఆ బండికి 26 పాయింట్లు చాలని కారు కంపెనీ చెబితే, 30 ఉండాలని టైరు కంపెనీ అంది. తేడా నాలుగే పాయింట్లు!

ఆ దెబ్బతోనే అక్కడ కొత్త చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నాటికి కొత్త కార్లన్నింటికీ గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి చేశారు. డల్లాస్‌లోనో, అట్లాంటాలోనో ఉన్న మన పిల్లల కార్లలో గుర్రపునాడా లాంటి పసుపు గుర్తు, మధ్యలో ఆశ్చర్యార్థకం... అదే ఇది. ఇప్పుడు మన దగ్గర కూడా చాలా కొత్త కార్లలో వస్తోంది. దాని అర్థం తెలియక వెలుగుతుండగానే నెలల తరబడి తిప్పేవాళ్లకు మాత్రం ఏ యంత్రమూ సాయం చేయలేదు.

దేవుడి మీద నెపం చెల్లదు

టైరు పేలితే ఎవరేం చేస్తారు, అంతా పైవాడి దయ అనేయడం మనకు అలవాటు. ఈ మాట కోర్టు దాకా వెళ్లింది. 2010 అక్టోబరులో పుణె నుంచి ముంబయి వెళుతున్న కారు వెనక టైరు పేలి లోయలో పడింది. ఒక ఉద్యోగి చనిపోయాడు. ఆ కుటుంబానికి ట్రైబ్యునల్ సుమారు కోటీ పాతిక లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. టైరు పేలడం దైవఘటన, మా బాధ్యత కాదు అంటూ బీమా కంపెనీ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. 2023 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ వాదనను కొట్టేసింది. మితిమీరిన వేగం, గాలి తక్కువో ఎక్కువో కావడం, పాత టైర్లు, వేడి... పేలడానికి ఇలాంటి కారణాలుంటాయి, బయల్దేరే ముందు టైరు చూసుకోవాల్సిన బాధ్యత నడిపేవాడిది, యజమానిది, కాబట్టి ఇది మనిషి నిర్లక్ష్యమేనని తేల్చింది. చదువుకోవాల్సిన తీర్పు. ఆ కుటుంబానికి న్యాయం జరగడానికి పన్నెండేళ్లు దాటింది!

కొత్తగా కనిపించే ముసలి టైరు

బొగ్గుగని ఊళ్లలో రిటైరైనప్పుడు కారు కొనుక్కోవడం చాలామందికి తీరిన కల. తరువాత అది ఎక్కువగా చెట్టు కిందో, రేకుల షెడ్డులోనో ఉంటుంది. పెళ్లికో, ఆస్పత్రికో, సంక్రాంతికి మనవలొస్తేనో బయటికి తీస్తారు. ఏడెనిమిదేళ్లయినా టైరు గాడులు లోతుగానే ఉంటాయి. 'ఇంకా కొత్త టైర్లే' అని మురిసిపోతారు. రబ్బరు మాత్రం తిరిగినా తిరగకపోయినా ముసలిదవుతూనే ఉంటుంది. ఎండకు, గాలికి బిరుసెక్కి సన్నటి పగుళ్లిస్తుంది.

టైరు పుట్టినతేదీ దాని మీదే ఉంటుంది. పక్కభాగం మీద చిన్న గడిలో నాలుగంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూను నెల. ఒకవైపు కనబడకపోతే రెండోవైపు చూడాలి. అయిదేళ్లు దాటితే ఏటా తెలిసినవాళ్లకు చూపించమని, ఎంత బాగున్నా పదేళ్లకు మించి వాడొద్దని టైరు కంపెనీలు అంటాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ప్రాంతానికి ఆరేళ్ల మాటే క్షేమం. చవగ్గా వస్తున్నాయని పాత టైర్లు కొనడం మాత్రం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు. అది ఏ బండి కింద ఎంత నలిగిందో అమ్మేవాడికీ తెలియదు. కొత్త టైరు కొన్నా ఐఎస్ఐ గుర్తుతో పాటు ఆ నాలుగంకెలూ చూశాకే డబ్బివ్వాలి.

హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ 2013లో కారు ప్రమాదంలో పోయినప్పుడు దర్యాప్తు అధికారులు అతివేగాన్నే అసలు కారణంగా చెప్పారు. దాంతోపాటు వాళ్లు రాసిన ఇంకోమాట... ఆ ఖరీదైన కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లని.

వాన పడితే...

ఎండ పోయి వానలొచ్చాక లెక్క మారుతుంది. గాడులున్నది అందానికి కాదు, చక్రం కింది నీటిని పక్కకు తోయడానికి. అవి అరిగితే నీరు పోయే దారిలేక టైరు నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగూ పనిచేయదు, బ్రేకూ పనిచేయదు. కారేపల్లి దారిలో లారీ వెనక తడిరోడ్డు మీద ఆ పరిస్థితి ఊహించుకుంటేనే చాలు. కార్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధన. కొత్త టైరుకు ఏడెనిమిది ఉంటుంది. గాడుల్లో అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. అరుగుతూ అరుగుతూ టైరు ఆ దిమ్మెతో సమానమైందంటే దాని పని అయిపోయినట్టే. వానాకాలానికైతే మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయడం మంచిది.

అరిగిన తీరును బట్టి రోగం కూడా చెప్పొచ్చు. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే ఎక్కువ. ఒకవైపే అరిగితే అలైన్‌మెంటు పోయింది. ఇల్లందు చుట్టుపక్కల బరువు లారీలు తిరిగి గుంతలు పడే రోడ్ల మీద ఇది తరచూ జరిగేదే. గుంతలో గట్టిగా పడ్డాక పక్కభాగం మీద బుడిపె లేచిందంటే లోపల దారాలు తెగాయన్నమాట. అది అతుకుతో బాగుపడదు, టైరు మార్చాల్సిందే. పది వేల కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్పిస్తే నాలుగూ సమానంగా అరుగుతాయి. రెండు టైర్లే కొత్తవి కొనగలిగితే ముందుకు వేయిస్తారు చాలామంది. వేయించాల్సింది వెనక్కి. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గితే చేతికి దొరుకుతుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది.

ఎంత చూసుకున్నా ఒక్కోసారి పేలొచ్చు. అప్పుడు కాలు బ్రేకు మీదికి పరుగెత్తకూడదు. స్టీరింగును రెండు చేతులా గట్టిగా, తిన్నగా పట్టుకోవాలి. యాక్సిలరేటరు నెమ్మదిగా వదిలేయాలి. వేగం దానంతటదే తగ్గాక ఎడమ పక్కకు తీసి ఆపాలి. ఈ సంగతి నడిపేవాళ్లకే కాదు, పక్కన కూర్చుని 'బ్రేకెయ్, బ్రేకెయ్' అని అరిచేవాళ్లకూ తెలియాలి.

డిక్కీలో అయిదోది

స్టెప్నీ అనే మాట మనకు వేల్స్ దేశం నుంచి వచ్చింది. అక్కడి లానెల్లీ పట్టణంలోని స్టెప్నీ వీధిలో 1904లో అదనపు చక్రం తయారీ మొదలైంది. ఆ వీధి పేరే మన ఊరి షాపుల దాకా పాకింది. 2020 జులైలో కేంద్రం నిబంధనలు సవరించాక ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదు. కాబట్టి కొత్త కారు డిక్కీలో ఏముందో కొన్నరోజే చూసుకోవాలి. కిట్టుతో చిన్న మేకు రంధ్రం మూయొచ్చు గానీ పక్కభాగం చీలితే అది ఎందుకూ కొరగాదు.

గుండాల, ఆళ్లపల్లి వైపు అడవి దారి పట్టేవాళ్లకు, జాతరప్పుడు మేడారం వెళ్లేవాళ్లకు స్టెప్నీ ఉండాల్సిందే. అందులోనూ గాలి ఉండాలి. నాలుగు టైర్లకూ గాలి పట్టించి డిక్కీలో ఉన్నదాన్ని వదిలేయడం అందరూ చేసే పనే. జాకీ, వీల్ పానా, టార్చిలైటు, చక్రానికి అడ్డుపెట్టడానికి రెండు చెక్కముక్కలు ఉంటే చాలు. నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తరువాత జాకీ ఎత్తాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. జాకీ ఎత్తి ఉన్నంతసేపూ పిల్లలు, పెద్దవాళ్లు ఎవరూ కారులో ఉండకూడదు. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించుకోవాలి. దించిన టైరును ఆ వారంలోనే బాగుచేయించి, గాలి పట్టించి మళ్లీ డిక్కీలో వేసేయాలి.